ఏ క్లబ్ వైపు నిలబడాలి? కారణాన్ని దాని గడువుతో తూచే పద్ధతి

2021 ఆగస్టులో లియోనెల్ మెస్సీ బార్సిలోనాను వదిలి పారిస్ సాన్ జెర్మాన్‌లో చేరాడు. 2023 జులైలో అక్కణ్ణుంచి ఇంటర్ మయామికి వెళ్ళాడు. అతని కోసమే బార్సిలోనా మ్యాచ్‌లు చూడటం మొదలుపెట్టినవాళ్ళలో కొందరు అతని వెనకే జెర్సీ రంగులు మార్చుకుంటూ పోయారు. కొందరు బార్సిలోనా దగ్గరే ఆగిపోయారు. ఇందులో ఎవరిదీ తప్పు కాదు. ఆగిపోయినవాళ్ళకి మాత్రం మెస్సీ ఉండగానే క్లబ్‌తో ఇంకో ముడి పడింది. ఆ రెండో ముడి దేనితో పడుతుందో ముందే ఊహించగలిగితే క్లబ్ ఎంపిక సగం అయిపోయినట్టే.

కొత్తగా ఫుట్‌బాల్ చూసేవాళ్ళు క్లబ్‌లను పక్కపక్కన పెట్టి కప్పులు లెక్కపెడతారు. అంతకంటే ముందు మీ కారణాలను పక్కపక్కన పెట్టుకోండి. ప్రతి కారణానికీ ఓ గడువు ఉంటుంది. ఆటగాడు కాంట్రాక్ట్ ఉన్నంతవరకే ఉంటాడు, కోచ్ చాలాసార్లు అంతకన్నా ముందే వెళ్ళిపోతాడు. కప్పుల కాలం బాగా నడిస్తే పదిహేనేళ్ళు. ఊరికీ, కుటుంబానికీ, సభ్యుల చేతిలో ఉన్న ఓటుకీ గడువు తేదీ వేసి ఉండదు.

ఆటగాడి కోసం

అన్నిటికంటే తేలిగ్గా దొరికే కారణం ఇదే, తొందరగా చెల్లిపోయేదీ ఇదే. ఫిఫా నిబంధనల ప్రకారం ఆటగాడి కాంట్రాక్ట్ సాధారణంగా అయిదేళ్ళు మించకూడదు, పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకైతే మూడేళ్ళు. కాంట్రాక్ట్ ఆరు నెలల్లో ముగుస్తుందనగా ఆటగాడు వేరే క్లబ్‌తో స్వేచ్ఛగా ఒప్పందం కుదుర్చుకోవచ్చు. అందుకే ఆఖరి సంవత్సరంలోకి అడుగుపెట్టిన ఆటగాణ్ణి క్లబ్ చాలాసార్లు వేసవిలోనే అమ్మేస్తుంది. ఆ సీజన్ నడిస్తే చేతికి ఒక్క పైసా కూడా రాదు మరి. క్రిస్టియానో రొనాల్డో రియల్ మాడ్రిడ్ నుంచి 2018లో యువెంటస్‌కు, 2021లో మాంచెస్టర్ యునైటెడ్‌కు, ఆ తర్వాత ఏడాదిన్నరలోపే అల్ నాసర్‌కు వెళ్ళాడు. 1993 నుంచి 2017 దాకా రోమా చొక్కా తప్ప ఇంకోటి వేసుకోని ఫ్రాంచెస్కో టోట్టి లాంటివాళ్ళు ఉన్నారు. కానీ అలాంటివాడు మళ్ళీ దొరుకుతాడని లెక్క వేసుకోవద్దు.

ఆటగాడి వల్ల ఒక క్లబ్ మీద మనసు పడితే చేయాల్సిన పని ఒకటుంది. గాయం వల్లో, సస్పెన్షన్ వల్లో అతను ఆడని మ్యాచ్‌లు మూడు ఏరి, ఒక్కొక్కటీ తొంభై నిమిషాలూ చూడండి. మూడోదాంట్లో కూడా చివరి పది నిమిషాలకు మీరు కుర్చీ అంచుకు జరిగితే, ఆటగాడు తలుపు తీసిపెట్టాడు, ఇల్లు మీకు నచ్చింది. అరవయ్యో నిమిషంలో ఫోన్ తీస్తే మీకు నచ్చింది ఆటగాడే. అప్పుడు అతని అభిమానిగానే ఉండండి, అతను ఎక్కడికెళ్తే అక్కడి మ్యాచ్‌లు చూడండి. అదీ ఒక పద్ధతే. లేని క్లబ్ భక్తిని నటించడం కంటే నయం.

కప్పుల కోసం

నెగ్గినవాడి పల్లకీ మోయడానికి అందరూ ముందుకొస్తారని ఇలాంటి అభిమానులను వెక్కిరిస్తుంటారు. నిజానికి దూరదేశాల అభిమానుల్లో చాలామంది మొదలైంది ఇలాగే. టీవీలో ఎక్కువగా కనిపించేది గెలిచే జట్టు, కనిపించినదాని మీదే మనసు పోతుంది. 1976లో మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ చియాల్డినీ బృందం అమెరికన్ విశ్వవిద్యాలయాల్లో ఇదే గమనించింది. అక్కడ చూసింది అమెరికన్ ఫుట్‌బాల్, బుద్ధి మాత్రం ఒకటే. తమ జట్టు గెలిచిన తర్వాతి సోమవారం విద్యార్థులు విశ్వవిద్యాలయం పేరున్న దుస్తులు ఎక్కువగా వేసుకొచ్చారు. గెలుపు గురించి చెప్పేటప్పుడు "మనం" అన్నారు, ఓటమికి వచ్చేసరికి "వాళ్ళు" అయిపోయింది.

చిక్కల్లా గడువుతోనే. ఇంగ్లండ్ మొదటి లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ మొదలైన 1992 నుంచి 2013 వరకు జరిగిన 21 సీజన్లలో 13 మాంచెస్టర్ యునైటెడ్‌వే. ఆ ఊపులో చేరినవాళ్ళు తర్వాత మొయెస్, వాన్ హాల్, మొరీన్యో, సోల్‌షార్, టెన్ హాగ్, అమోరిమ్ అనే కోచ్‌లను ఒకరి తర్వాత ఒకరిని చూశారు. 2024-25లో జట్టు 15వ స్థానంలో ఆగింది. లివర్‌పూల్ 1990 తర్వాత మళ్ళీ ఇంగ్లండ్ చాంపియన్ కావడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. తిరగేసి చూస్తే మాంచెస్టర్ సిటీ 1998-99లో మూడో అంచె లీగ్‌లో, అంటే మొదటి లీగ్‌కు రెండు మెట్లు కింద, ఆడింది. అదే క్లబ్ 2023లో ఒకే సీజన్లో లీగ్, ఎఫ్ఏ కప్ (ఇంగ్లండ్ నాకౌట్ పోటీ), చాంపియన్స్ లీగ్ (యూరప్ అగ్ర క్లబ్‌ల పోటీ) మూడూ ఎత్తింది. ఇవాళ పాయింట్ల పట్టికలో పైన ఉన్నవాణ్ణి చూసి ఎంచుకుంటే, మీకు దక్కేది ఆ పేరు. ఆ స్థానం కాదు.

ఇంకో సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు. గెలుపు అలవాటైతే దాని రుచి తగ్గుతుంది. బయర్న్ మ్యూనిక్ 2013 నుంచి 2023 వరకు వరసగా పదకొండుసార్లు జర్మన్ చాంపియన్ అయింది. ఆ చివరి సంవత్సరాల్లో దాని అభిమానికి లీగ్ గెలవడం పండగ కాదు, గెలవకపోవడం అవమానం. క్రిస్టల్ ప్యాలెస్ 2025లో ఎఫ్ఏ కప్ గెలిచినప్పుడు అది ఆ క్లబ్ చరిత్రలోనే మొదటి పెద్ద ట్రోఫీ. అదే ఏడాది న్యూకాసిల్ లీగ్ కప్ గెలిచింది, 1955 తర్వాత దేశంలో దానికి అదే తొలి పెద్ద కప్పు. ఆ డెబ్బై ఏళ్ళలో అభిమానులైనవాళ్ళకు ఆ సాయంత్రం ఎలా ఉండి ఉంటుందో పదకొండోసారి గెలిచినవాళ్ళకు అర్థం కావడం కష్టం. అయితే దానికి కట్టిన ధర కూడా ఆ డెబ్బై ఏళ్ళే. మీకు ఎంత ఓపిక ఉందో నిజాయితీగా లెక్క వేసుకోండి.

ఆట తీరు కోసం

"నాకు అందంగా ఆడే జట్టు కావాలి" అనేవాళ్ళు ముందు చూడాల్సింది ఆ ఆట తీరు కోచ్ జేబులో ఉందా, క్లబ్ గోడల్లో ఉందా అని. కోచ్ జేబులో ఉంటే అతనితోపాటు వెళ్ళిపోతుంది. కోచ్ యుర్గెన్ క్లాప్ డోర్ట్‌మండ్‌ను 2015లో, లివర్‌పూల్‌ను 2024లో వదిలాడు. ఆయన ఆట కోసం వచ్చినవాళ్ళు రెండుసార్లూ సర్దుకోవాల్సి వచ్చింది. క్లబ్ గోడల్లో ఉండటానికి మంచి ఉదాహరణ అయాక్స్. పిల్లల జట్ల నుంచి పెద్దల జట్టు దాకా ఒకే పాఠం చెబుతుంది కాబట్టి కోచ్ మారినా అక్షరం పూర్తిగా మారదు. బార్సిలోనాకు ఆ అలవాటు, రెండు క్లబ్‌లలోనూ ఆటగాడిగా, కోచ్‌గా ఉన్న యోహాన్ క్రైఫ్ ద్వారా అక్కణ్ణుంచే వచ్చింది. అట్లెటికో మాడ్రిడ్‌ది వేరే కథ. 2011 డిసెంబరులో వచ్చిన డియేగో సిమియోనీ దశాబ్దం దాటి కుర్చీలో ఉన్నాడు. అక్కడ కోచ్ జేబూ క్లబ్ గోడా ఒకటే అయిపోయాయి. ఆయన తర్వాత ఏమవుతుందన్నది చూడాలి.

పరీక్ష పెట్టాలంటే పెద్ద మ్యాచ్‌లు పనికిరావు. ఇద్దరూ దాడి చేసే మ్యాచ్ ఎలాగూ బాగుంటుంది. పదిమందినీ పెనాల్టీ బాక్స్ ముందు గోడలా నిలబెట్టే చిన్న జట్టుతో మీ క్లబ్ ఆడే మ్యాచ్ చూడండి. సీజన్లో సగం మ్యాచ్‌లు ఇలాంటివే ఉంటాయి. బంతి డెబ్బై శాతం మనదే, గోల్ మాత్రం రాదు. ఆ విసుగు భరించగలిగితేనే ఆ ఆట తీరు మీకు పడుతుంది. మూడు నిమిషాల హైలైట్స్ చూసి ఎంచుకుంటే సరిగ్గా ఇక్కడే దెబ్బ తింటారు. హైలైట్స్‌లో ఏ జట్టైనా ముచ్చటగానే ఉంటుంది.

ఊరు, చరిత్ర, గుర్తింపు

అన్నిటికంటే ఎక్కువకాలం నిలిచే కారణం ఇది. క్లబ్ చచ్చిపోయినా ఇది బతుకుతుందనడానికి వింబుల్డన్ ఫుట్‌బాల్ క్లబ్ సాక్ష్యం. 2002లో ఆ క్లబ్‌ను దక్షిణ లండన్ నుంచి సుమారు తొంభై కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి అనుమతి ఇచ్చారు. అభిమానులు ఆ జట్టు వెనక వెళ్ళలేదు. ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని కొత్త క్లబ్ పెట్టుకుని, ఆటగాళ్ళ ఎంపికను ఊళ్ళోని మైదానంలో జరిపి, చిన్న లీగ్‌లో మొదలుపెట్టారు. తొమ్మిదేళ్ళలో అయిదు మెట్లు ఎక్కి 2011కల్లా ఫుట్‌బాల్ లీగ్‌కు చేరారు. 2020లో పాత వీధిలోనే, ప్లౌ లేన్‌లో, కొత్త స్టేడియంలోకి అడుగుపెట్టారు. ఆటగాళ్ళు, లైసెన్స్, లీగ్ స్థానం అన్నీ మిల్టన్ కీన్స్‌కు పోయాయి, క్లబ్ మాత్రం పోలేదు. క్లబ్ అంటే ఏమిటన్న ప్రశ్నకు దీనికంటే స్పష్టమైన జవాబు ఫుట్‌బాల్‌లో దొరకదు. గ్లాస్గోలో రేంజర్స్ కూడా 2012లో దివాలా తీసి నాలుగో అంచె నుంచి మళ్ళీ మొదలైంది. పై లీగ్‌కు రావడానికి నాలుగేళ్ళు, చాంపియన్ కావడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. స్టేడియం మాత్రం ఖాళీ కాలేదు.

మీ ఊళ్ళోనో, దగ్గర్లోనో క్లబ్ ఉంటే, అది ఏ అంచెలో ఆడినా సరే, ముందు అక్కడికే వెళ్ళి చూడండి. నడిచి వెళ్ళగలిగే మూడో అంచె క్లబ్ ఇచ్చేది తెర మీద కనిపించే చాంపియన్ ఇవ్వలేదు. వాన, పక్క సీటు మనిషి, గోల్ పడ్డప్పుడు అపరిచితుడి కౌగిలి. దగ్గర్లో ఏదీ లేకపోతే, దూరపు క్లబ్ చరిత్రను అరువు తెచ్చుకోవాలి. అరువు తెచ్చుకున్నది ఏమిటో తెలుసుకుని తెచ్చుకోవాలి.

కొన్ని ఉదాహరణలు. అథ్లెటిక్ బిల్బావో బాస్క్ ప్రాంతంలో పుట్టినవాళ్ళనో, అక్కడ ఆట నేర్చుకున్నవాళ్ళనో తప్ప ఆడించదు. అయినా రియల్ మాడ్రిడ్, బార్సిలోనాలతోపాటు స్పెయిన్ మొదటి లీగ్ నుంచి ఒక్కసారి కూడా కిందికి జారని మూడో క్లబ్ అదే. 2024లో స్పెయిన్ నాకౌట్ కప్పు కోపా దెల్ రే గెలవడానికి మధ్యలో నలభై ఏళ్ళు ఆగాల్సి వచ్చింది. ఇక్కడ అభిమానికి జనవరిలో ఆటగాళ్ళను కొనే ట్రాన్స్‌ఫర్ల సందడి దాదాపు ఉండదు, బదులుగా పిల్లల జట్టులో ఎవరు ఎదుగుతున్నారో చూసే ఆనందం ఉంటుంది. హాంబర్గ్‌లోని సాంక్ట్ పౌలి కపాలం జెండాతో, జాత్యహంకారాన్ని ఎదిరించే క్లబ్‌గా పేరుపడింది. అక్కడి స్టాండ్లలో రాజకీయాన్ని ఆట నుంచి విడదీయరు. "నాకు ఆట మాత్రమే కావాలి" అనుకునేవాళ్ళకు అది ఇబ్బంది. సెల్టిక్ గ్లాస్గోలో ఐరిష్ వలస కుటుంబాల పేదరికం తీర్చడానికి పుట్టిన క్లబ్. రేంజర్స్‌తో దాని వైరం వెనక మతమూ ఐర్లండ్ చరిత్రా ఉన్నాయి. ఆకుపచ్చ చారలు అందంగా ఉన్నాయని జెర్సీ వేసుకుంటే, ఆ చరిత్రలో మీరు ఏ పక్కన నిలబడ్డారో తెలియకుండానే నిలబడ్డట్టు. ఇలాంటి క్లబ్‌ను పట్టుకునే ముందు డెర్బీ (దగ్గరి ప్రత్యర్థితో ఆడే మ్యాచ్) ఎవరితో, ఎందుకు, స్టాండ్లలో ఏ పాటలు పాడతారు అన్న మూడింటికీ జవాబు వెతుక్కోండి. ఆ పాటల్లో మీరు నోరు కలపలేనివి ఉంటే ఆ క్లబ్ మీది కాదు.

డెర్బీల మూలం తవ్వితే ఒక్కోసారి నవ్వొస్తుంది. ఎవర్టన్ 1892 దాకా ఆడింది ఆన్‌ఫీల్డ్‌లోనే. స్థలం యజమానితో గొడవపడి వెళ్ళిపోతే, ఖాళీగా ఉన్న మైదానంలో ఆడించడానికి ఆయన పెట్టుకున్న జట్టే లివర్‌పూల్. ఇంటర్ మిలాన్ 1908లో ఏసీ మిలాన్ నుంచి విడిపోయింది, విదేశీ ఆటగాళ్ళను తీసుకోవాలా వద్దా అన్న పేచీ మీద.

కుటుంబం, స్నేహితులు

దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఇంట్లో ముందే ఒక క్లబ్ ఉంటే అది ఇంటిపేరులా వచ్చేస్తుంది, చాలామందికి ఎంచుకున్న జ్ఞాపకం కూడా ఉండదు. మీతో కలిసి మ్యాచ్ చూసే మనిషి ఉన్న క్లబ్, ఒంటరిగా చూడాల్సిన మెరుగైన క్లబ్ కంటే దాదాపు ఎప్పుడూ మంచి ఎంపిక. స్నేహితుణ్ణి ఉడికించడానికి ప్రత్యర్థి క్లబ్‌ను పట్టుకోవడం కూడా పనిచేస్తుంది, ఒక షరతు మీద. అతను ఊరు మారినా మీరు ఆ మ్యాచ్‌లు చూస్తారా? చూడరనుకుంటే అది స్నేహం, క్లబ్ కాదు.

యజమాని ఎవరు, ఎవరికి ఏం మార్చే అధికారం ఉంది

చాలామంది ఈ ప్రశ్న ఆఖర్న అడుగుతారు, మొదట్లోనే అడగాల్సింది. రంగు, బ్యాడ్జి, స్టేడియం, పేరు, చివరికి ఊరు కూడా యజమాని చేతిలో ఉండవచ్చు. కార్డిఫ్ సిటీని నీలిపిట్టలంటారు, వందేళ్ళుగా నీలం చొక్కా వేసుకున్న క్లబ్. 2012లో యజమాని ఎరుపు మంచిదని నిర్ణయించాడు. నీలం తిరిగి రావడానికి 2015 దాకా పోరాడాల్సి వచ్చింది.

జర్మనీలో 50+1 నిబంధన ఉంది. 1998 నుంచి అక్కడ క్లబ్‌లు కంపెనీలుగా మారవచ్చు గానీ, ఓటింగ్‌లో సగానికి ఒకటి ఎక్కువ సభ్యుల సంఘం చేతిలోనే ఉండాలి. లెవర్‌కూసెన్‌కు బేయర్‌తో, వోల్ఫ్స్‌బర్గ్‌కు ఫోక్స్‌వాగన్‌తో ఉన్న పాత బంధం వల్ల మినహాయింపు ఇచ్చారు. 2009లో రెడ్ బుల్ కంపెనీ పెట్టిన ఆర్బీ లైప్‌జిగ్ నిబంధన అక్షరాన్ని పాటిస్తూనే ఓటున్న సభ్యులను అతి కొద్దిమందికి పరిమితం చేసింది. దాన్ని జర్మనీ స్టాండ్లలో అంతగా అసహ్యించుకోవడానికి ఒక పెద్ద కారణం అదే, డబ్బు ఒక్కటే కాదు. ఈ నిబంధన అభిమానికి ఇచ్చే ఫలం కంటికి కనిపిస్తుంది. డోర్ట్‌మండ్ దక్షిణ స్టాండులో దాదాపు 25,000 మంది నిలబడి చూస్తారు. యూనియన్ బెర్లిన్ స్టేడియాన్ని 2008లో రెండు వేలమందికి పైగా అభిమానులు తమ చేతులతో బాగుచేసుకున్నారు, పదకొండేళ్ళకు ఆ జట్టు మొదటిసారి జర్మనీ మొదటి లీగ్ బుండెస్‌లీగాకు వచ్చింది.

స్పెయిన్‌లో 1990 నాటి చట్టం చాలా క్లబ్‌లను కంపెనీలుగా మార్చింది. రియల్ మాడ్రిడ్, బార్సిలోనా, అథ్లెటిక్, ఒసాసునా నాలుగూ సభ్యుల క్లబ్‌లుగా మిగిలాయి, అధ్యక్షుణ్ణి సభ్యులే ఎన్నుకుంటారు. అయితే సభ్యుల చేతిలో ఉంటే చాలు, అంతా సవ్యంగా ఉంటుందనుకోవద్దు. 2021 ఏప్రిల్ 18న, పెద్ద క్లబ్‌లు తమకోసం తామే పెట్టుకోబోయిన యూరోపియన్ సూపర్ లీగ్‌ను ప్రకటించిన పన్నెండు క్లబ్‌లలో రియల్, బార్సిలోనా రెండూ ఉన్నాయి. రెండు రోజుల్లో దాన్ని కూల్చింది ఇంగ్లండ్ వీధుల్లోకి వచ్చిన అభిమానులు. వాళ్ళకు ఓటే లేదు.

కుబేరుడో, ఒక దేశపు నిధో కొన్న క్లబ్ అయితే రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఆ డబ్బు ఎక్కడిదో తెలిసీ చొక్కా వేసుకోగలనా? అతను రేపు వెళ్ళిపోతే ఏం మిగులుతుంది? చెల్సీని 2003లో కొన్న రష్యన్ కుబేరుడు అబ్రమోవిచ్ 2022లో బ్రిటన్ ఆంక్షల వల్ల అమ్మేయాల్సి వచ్చింది. కొన్ని వారాలపాటు ఆ క్లబ్ కొత్త టికెట్లు కూడా అమ్ముకోలేకపోయింది. మొదటి ప్రశ్నకు జవాబు ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది. దాన్ని అడగకుండా చొక్కా వేసుకుంటే మాత్రం డెర్బీ రోజు ఎదుటివాడు అడుగుతాడు.

చిన్నదా, పెద్దదా

చిన్న క్లబ్ మీద జాలితో వచ్చేవాళ్ళు రెలిగేషన్ అంటే ఏమిటో ముందే తెలుసుకోవాలి. ఇంగ్లండ్, స్పెయిన్, ఇటలీ మొదటి లీగ్‌లలో ఇరవై జట్లలో ముగ్గురు కిందికి పోతారు. జర్మనీ, ఫ్రాన్స్‌లలో పద్దెనిమిదిలో ఇద్దరు నేరుగా పోతారు, మూడోది రెండో లీగ్ జట్టుతో ప్లే-ఆఫ్ ఆడుతుంది. కిందికి పోయిన వెంటనే మంచి ఆటగాళ్ళు అమ్ముడవుతారు, దూరంగా ఉన్నవాళ్ళకు మ్యాచ్ చూసే దారి మారిపోతుంది, ఒక్కోసారి మూసుకుపోతుంది. లెస్టర్ 2016లో 5000కు ఒకటి పందెంలో చాంపియన్ అయింది. ఆ వేసవి దానికి అభిమానులైనవాళ్ళు 2023లో రెలిగేషన్, 2024లో ప్రమోషన్, 2025లో మళ్ళీ రెలిగేషన్ చూశారు. బుండెస్‌లీగా మొదలైనప్పటి నుంచీ ఉన్న ఒకే ఒక్క క్లబ్ అని హాంబర్గ్ ఎస్వీ స్టేడియంలో గడియారం పెట్టుకుని గర్వంగా చెప్పుకునేది. 2018లో దిగిపోయింది, తిరిగి రావడానికి ఏడు సీజన్లు పట్టింది.

కాబట్టి చిన్న క్లబ్ కావాలనుకుంటే దాని రెండో అంచె మ్యాచ్‌లు మీరున్న చోట కనిపిస్తాయో లేదో ముందే చూసుకోండి. చాలా చిన్న క్లబ్‌లు తమ సొంత రేడియో వ్యాఖ్యానమో, వీడియో సేవో దూరాభిమానులకు అమ్ముతాయి. అది ఉందంటే ఆ క్లబ్ మీలాంటివాళ్ళను లెక్కలోకి తీసుకున్నట్టే. మహిళల జట్టును కూడా ఇక్కడే చూడండి. పురుషుల జట్టు నచ్చిన క్లబ్‌దే మహిళల జట్టు నచ్చాలనేం లేదు. లియోన్ మహిళలు 2022 నాటికి ఎనిమిదిసార్లు యూరప్ చాంపియన్లు, అదే క్లబ్ పురుషులు ఒక్కసారీ కాలేదు. 2022 ఏప్రిల్‌లో బార్సిలోనా మహిళలు వోల్ఫ్స్‌బర్గ్‌తో ఆడిన మ్యాచ్‌కు కాంప్ నౌలో 91,648 మంది వచ్చారు.

గడియారం

మ్యాచ్ వేళల వల్ల క్లబ్‌ను వదిలేసిన అభిమానులు రెలిగేషన్ వల్ల వదిలేసినవాళ్ళకంటే ఎక్కువే ఉంటారేమో. ఏ లీగ్ ఎప్పుడు ఆడుతుందో మీ గడియారంలోకి మార్చి రాసుకోండి. ప్రీమియర్ లీగ్ శనివారం లండన్ సమయం మధ్యాహ్నం 12:30, 3:00, సాయంత్రం 5:30, ఆదివారం 2:00, 4:30 ఎక్కువ. బుండెస్‌లీగాలో చాలా మ్యాచ్‌లు శనివారం అక్కడి 3:30కే ఒక్కసారిగా మొదలవుతాయి. స్పెయిన్, ఇటలీల్లో వారాంతం అంతా పరుస్తారు, పెద్ద జట్లకు రాత్రి 9 గంటల ప్రాంతం మామూలు. చాంపియన్స్ లీగ్ వారం మధ్యలో, ఎక్కువగా మధ్య యూరప్ సమయం రాత్రి 9కి. అక్టోబరు చివరి ఆదివారం, మార్చి చివరి ఆదివారం యూరప్ గడియారాలు మారతాయి. గడియారం మార్చని దేశాల్లో ఉన్నవాళ్ళకు చలికాలమంతా మ్యాచ్ గంట ఆలస్యం. సెప్టెంబరులో చూసి "పరవాలేదు" అనుకున్నవాళ్ళు నవంబరులో నిద్ర చాలక మానేయడం ఇందువల్లే.

ఇంగ్లండ్‌లో శనివారం 2:45 నుంచి 5:15 వరకు ఫుట్‌బాల్ ప్రత్యక్ష ప్రసారం ఉండదు, స్టేడియాలు ఖాళీ కాకూడదని పెట్టిన పాత నియమం. కాబట్టి 3 గంటలకు ఆడే మధ్యస్థాయి ఇంగ్లిష్ క్లబ్‌ను ఎంచుకున్న విదేశీ అభిమాని, ఆ క్లబ్ వీధిలోనే ఉండి టికెట్ దొరకనివాడికంటే ఎక్కువ మ్యాచ్‌లు చూడగలడు. ఈ వింత మీకు లాభమే.

ఎన్ని మ్యాచ్‌లో కూడా లెక్కపెట్టండి. లీగ్‌లో 38, జర్మనీ, ఫ్రాన్స్‌లలో 34. యూరప్ పోటీల్లో లేక, కప్పుల్లో తొందరగా ఓడిపోయే క్లబ్‌కు మొత్తం నలభైకి అటూ ఇటూ. పెద్ద క్లబ్ అన్నిట్లో చివరిదాకా వెళ్తే అరవై దాటుతుంది. 2022-23లో మాంచెస్టర్ సిటీ 61 ఆడింది. చాంపియన్స్ లీగ్ ఒక్కదాంట్లోనే ఇప్పుడు తక్కువలో తక్కువ ఎనిమిది, ఎక్కువలో ఎక్కువ పదిహేడు. వారానికి ఒకటి చాలనుకునేవాళ్ళకు మధ్యస్థాయి క్లబ్ హాయి.

ఎనిమిది వారాల పరీక్ష

వడపోసిన తర్వాత మూడు క్లబ్‌లు మిగిలితే మంచిది. ఒకే లీగ్‌వి కాకపోతే ఇంకా మంచిది. సీజన్ మొదలైన ఆగస్టులో మొదలుపెట్టొద్దు. ట్రాన్స్‌ఫర్ మార్కెట్ తెరిచి ఉన్నంతసేపు ప్రతి క్లబ్బూ ఆశలు అమ్ముతుంది. సెప్టెంబరు మధ్యలో మొదలుపెట్టండి.

మొదటి ఆరు వారాలు మూడింటికీ వంతులు వేసి ఒక్కోదానివి రెండేసి పూర్తి మ్యాచ్‌లు చూడండి. అందులో ఒకటి సొంత మైదానంలో, ఒకటి బయట. ప్రతి మ్యాచ్ తర్వాత ఒకే వాక్యం రాసుకోండి, స్కోరు గురించి కాకుండా మీ మనసు ఎక్కడ తగిలిందో. ఏడో వారం మూడు క్లబ్‌లలో ఓడిపోయినదాని మ్యాచ్, ఫలితం తెలిశాక, మొదటి నుంచి చివరిదాకా చూడండి. ఓడినా చూడాలనిపించిన క్లబ్‌కు రెండు మార్కులు ఎక్కువ వేసుకోవచ్చు. ఎనిమిదో వారం దేన్నీ చూడకండి. శనివారం ఏ స్కోరు ముందు వెతికారో గమనించండి. ఎక్కువమందికి జవాబు అక్కడే దొరుకుతుంది.

ఇది తప్పడానికి మామూలు కారణాలు మూడు. ఆరు వారాల్లో ఒక క్లబ్ అయిదు గెలిస్తే మీరు చూసింది దాని వేడి, స్వభావం కాదు. ఆ జట్టు కిందటి ఏడాది మ్యాచ్ ఒకటి కలపండి. రెండోది, సామాజిక మాధ్యమాల్లో అభిమానుల గోల చూసి క్లబ్‌ను తీసేయడం. ప్రతి పెద్ద క్లబ్‌కూ దాని వంతు మూర్ఖులు ఉంటారు. మూడోది, రెండు క్లబ్‌లు పెట్టుకోవడం. వేర్వేరు దేశాల్లో అయితే ఇబ్బంది లేదు. ఒకే లీగ్‌లో రెండుంటే అవి ఎదురుపడిన రోజు మీ పరీక్ష మళ్ళీ మొదలవుతుంది.

జెర్సీ కొనడం మొదటి సీజన్ ముగిసేదాకా ఆపండి. మే చివర్లో కొత్త డిజైన్ రాబోతుంటే పాతవాటి ధర తగ్గుతుంది. వెనక పేరు వేయించాలనిపిస్తే ఆటగాడి కాంట్రాక్ట్ ఎప్పటిదాకా ఉందో చూసుకోండి, రెండేళ్ళు మిగలకపోతే వద్దు. మీ సొంత పేరు వేయించుకుంటే చాలా దుకాణాలు తిరిగి తీసుకోవు, కాబట్టి ముందు కొలత సరిచూసుకోండి. అన్నిటికంటే భద్రమైనది ఆట మానేసిన ఆటగాడి పేరు. అతన్ని ఇంక ఏ క్లబ్బూ కొనలేదు.